ఏడో చీటీ

పోయినవారం పద్నాలుగో నంబరు గది గుమ్మంలో సుబేదారుని నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. పాపం, ఏడు రోజులుగా అతను అక్కడే ఉన్నాడు, చంకలో గేటు పుస్తకంతో. అతన్ని మాట్లాడించే ముందు, కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

సరిహద్దులో యుద్ధం మొదలై అప్పటికి ఇరవై మూడు రోజులు. కలకత్తా రేవు గోడని ఆనుకుని, ఏక్‌బాల్‌పూర్ వైపు, రెండు వరసల పాత క్వార్టర్లున్నాయి. బెంగాలీవాళ్ళు దాన్ని మద్రాజీ లైను అంటారు. మద్రాసు మొహం చూసినవాడు ఆ లైనులో ఒక్కడూ లేడు. అందరూ శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. రేవుకి కాపలా అంటూ దిగిన దళం మొదటివారంలోనే పడమటి వరసని ఖాళీ చేయించి తను కాపురం పెట్టింది. ఆ ఇరవై నాలుగు కుటుంబాలనీ తూర్పు వరసలోకి తోసింది. లైను చుట్టూ ముళ్ళకంచె వేసి ఒకే ఒక గేటు ఉంచింది. మనిషికో చీటీ ఇచ్చారు. చీటీ చూపిస్తే బయటికి పోవచ్చు, తిరిగి రావచ్చు. ఫోన్లన్నీ గేటు పక్క అట్టపెట్టెల్లోకి పోయాయి.

పద్నాలుగో గది కూర్మయ్యది. రేవులో ముప్ఫై ఏళ్ళు బస్తాలు మోసి, ఇప్పుడు ఒక గ్యాంగుకి మేస్త్రీ అయినవాడు. తల్లి అప్పలకొండమ్మ, భార్య దుర్గాదేవి, పెళ్ళికాని తమ్ముడు మురళీమోహన్, కూతుళ్ళు రాణి, పాప. వెరసి ఆరుగురు. గది పొడుగు పన్నెండు అడుగులు, వెడల్పు పది. అందులోకి పడమటి వరస నుంచి అప్పమ్మ, ఆమె మొగుడు, ఎదిగిన కొడుకులిద్దరూ వచ్చి పడ్డారు. ఆరుగురి ఇల్లు పదిమందిదైంది. విచిత్రమేమిటంటే ఆ ఆరుగురికీ చీటీలు ఏడు వచ్చాయి. ఏడోదాని మీద పేరు పైడమ్మ, వయసు ఇరవై రెండు, ఇంటి కోడలు. ఆ పైడమ్మ ఎక్కడ, అని ఆ దళానికి పెద్ద అయిన సుబేదారు అడిగాడు. అక్కడ ఆగాం.

సంగతేమిటంటే, పైడమ్మ పోయి ఎనభై ఏళ్ళయింది.

ఆవిడ అప్పలకొండమ్మ మామగారి మొదటి భార్య. ఇరవై రెండో ఏట, కడుపుతో, నుదుటి బొట్టుతో పోయి ఆ ఇంటికి పేరంటాలైంది. పండక్కి మొదటి చీర ఆవిడదే, పెళ్ళికి మొదటి తాంబూలం ఆవిడదే. ఇల్లు మారితే గడప మీద నిలబడి, పైడమ్మా పోదాం రా అని పేరుపెట్టి పిలిచి వెంట తెచ్చుకోవాలి. అలా పిలిచి తెచ్చుకున్నవాళ్ళే కలకత్తాకీ తెచ్చుకున్నారు. పద్నాలుగో గదిలో కిటికీ పక్క మూల ఆవిడది. మూడడుగుల మేర పసుపు అలికిన చోటు, ఒక చిన్న కలశం, మడతపెట్టిన చీర, నాలుగు గాజులు. పదిమంది ఒకరి మీద ఒకరు పడుకునే గదిలో ఆ మూడడుగుల్లోకి ఎవరి కాలూ పోకూడదు.

ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకోవడానికి దళం గుమాస్తా వచ్చిన పూట మగవాళ్ళు రేవులో ఉన్నారు, దుర్గ కుళాయి దగ్గర ఉంది. అప్పలకొండమ్మ ఒక్కతే ఉంది. వరసగా ఆరు పేర్లూ చెప్పింది. ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నాడు గుమాస్తా. ఆ మూల వైపు చూస్తూ లేరని ఎలా చెప్తుంది? ఆవిడ పేరు వదిలేస్తే ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టే అనిపించింది. చెప్పేసింది. పేరంటాలికి వయసు పెరగదు కాబట్టి ఇరవై రెండే చెప్పింది. చీటీ వచ్చాక పసుపూ కుంకుమా పెట్టి చీర మడతలో దాచింది. కూర్మయ్యకి తెలిసి తల కొట్టుకున్నాడు కానీ, వెళ్ళి దిద్దించుకుంటే లేనిపోని అనుమానం వస్తుందని నోరుమూసుకున్నాడు. ఉన్నవాళ్ళని దాస్తే తప్పు గానీ లేనివాళ్ళని చెప్తే ఏం తప్పని సర్దుకున్నాడు. మంచి మేస్త్రీయే, కానీ కాగితం ముందు చిన్నపిల్లాడు.

ఇప్పుడు ఆ కాగితమే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

సుబేదారు లావుపాటి మనిషి, మెత్తటి గొంతు. విశాఖలో ఆరేళ్ళు పనిచేశాడు. తెలుగు బాగానే తెలుసు, తెలియనట్టు ఉండటం అలవాటు. ఆ రోజు మాత్రం తెలుగులోనే మాట్లాడాడు. పైడమ్మ ఊరు వెళ్ళిందని కూర్మయ్య అనబోతుంటే పుస్తకం విప్పి చూపించాడు. పైడమ్మ అనే మనిషి పదకొండు రోజులుగా పొద్దున్నే అయిదుంబావుకి గేటు దాటుతోంది. మధ్యాహ్నం రెండుంబావుకి తిరిగొస్తోంది. ఈ పొద్దున కూడా వెళ్ళింది. తన మనుషులు ఈ గదిని రెండుసార్లు సోదా చేశారు, రెండుసార్లూ ఈ ఇంటివాళ్ళు ఆరుగురే లెక్క తేలారు. రోజూ తన కళ్ళముందు నడిచిపోయే ఆ ఏడో మనిషి ఏ గదిలోకి పోతోంది, ఎక్కడ పడుకుంటోంది?

అప్పలకొండమ్మ మూల వైపు చూసింది. చీర మడత విప్పి చూడాలని చేతులు పీకాయి, చూడలేదు.

రేవులోకి ఏ ఓడ ఎప్పుడొస్తోందో ఎవరో బయటికి చేరవేస్తున్నారని తమకి కబురుందని సుబేదారు చెప్పాడు. ఆ మనిషి ఆడది అని కూడా చెప్పాడు. చెప్తూ పాప తల నిమిరాడు. మామూలు రోజుల్లో అయితే ఇలా అడగడానికి వచ్చేవాణ్ణి కాదన్నాడు.

“నాలుక్కి ముంగిట్లో హాజరు పిలుస్తాను. ఏడుగురూ పలకాలి. ఒక్కరు తక్కువైనా ఏడు చీటీలూ చింపేసి గదికి తాళం వేస్తాను. ఆ తర్వాత మీ సంగతి కంచె అవతల చూసుకోవాలి.”

అప్పటిదాకా ఈ గది చీటీలు చెల్లవని, కంచె లోపల ఉన్నవాళ్ళు లోపలే ఉండాలని చెప్పాడు. రెండుంబావుకి వచ్చే మనిషిని మాత్రం గేటు దగ్గర ఆపరట. లోపలికి రానిస్తారట. ఎటు పోతుందో చూడాలని ఉంది, అని ఇంటికొచ్చిన చుట్టం చెప్పినంత నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయాడు.

అతని బూట్ల చప్పుడు వరండా దాటాక అప్పలకొండమ్మ చీర విప్పింది. దులిపింది. గాజులు పక్కన పెట్టి కలశం ఎత్తి చూసింది. పసుపు మరక అంటిన చోటు ఉంది, చీటీ లేదు.

అడగక్కర్లేకపోయింది. దుర్గాదేవి గోడకి చేరగిలబడి కిందికి జారి కూర్చుంది.

“నానే తీసినాను అత్తా,” అంది. “సమీరకిచ్చినాను.”

సమీర ఎవరో చెప్పాలి. లైను చివర, గోడకి ఆనించి కట్టిన రేకుల పాకల్లో పుట్టిన పిల్ల. తండ్రి సోంపేట నుంచి వచ్చి కూర్మయ్య గ్యాంగులోనే పనిచేసి, ఓడ అడుగున పెట్టె కింద నలిగి పోయాడు. తల్లి ఆ మరుసటేడు పోయింది. అప్పటినుంచీ రంజానుకి గుడ్డలు కొన్నదీ దుర్గే, జడ వేసిందీ దుర్గే. ఇప్పుడా పిల్లకి ఇరవై మూడు. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోములో ఆయాగా చేస్తోంది. రేకుల పాకలకి గది నంబర్లు లేవు, అందుకని చీటీలూ లేవు. యుద్ధం మొదలైన పదోనాడు దళం ఒక లారీ తెచ్చి పాకల్లోవాళ్ళని, కాగితాలు చూడాలి ఎక్కండి అని, ఎక్కించుకుపోయింది. పంతొమ్మిది మంది. ఒక్కరు కూడా తిరిగి రాలేదు. ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. ఆ పూట సమీర పనిలో ఉండబట్టి మిగిలింది. ఆమె కాగితాలున్న రేకు పెట్టె మాత్రం లారీలో పోయింది. కంచె బయట గది అద్దెకి అడిగితే కాగితం చూపమన్నారు, పేరు విని తలుపులు వేసేశారు. రెండు రాత్రులు నర్సింగ్ హోము మెట్ల కింద పడుకుంది. అక్కడా వద్దన్నారు. దుర్గ తన కొంగులో ఏడో చీటీ దాచుకుని గేటు దాటి వెళ్ళి ఆమెకిచ్చి, ఆమె చేత చూపించి, లోపలికి తెచ్చింది. లైను చివర మూతపడిన రాత్రిబడి గదిలో, విరిగిన బెంచీల వెనక పడుకుంటోంది.

దుర్గ ఇదంతా తల వంచుకుని, తడబడకుండా చెప్పింది. పదకొండు రోజులుగా మనసులో వల్లెవేసుకున్న మాటలవి.

అప్పలకొండమ్మ చీర ఒళ్ళోకి లాక్కుంది. ఆ లైనులో ఆమె కోపం ఎరగనివాళ్ళు లేరు. కానీ ఇప్పుడు వచ్చింది కోపం కాదు. యాభై రెండేళ్ళుగా, తనకి కాన్పులైన రోజుల్లో తప్ప, ఇంకెవరూ ముట్టని చీర మడత అది. కోడలు తనకి తెలియకుండా అందులో చెయ్యి పెట్టింది.

“అమ్మోరి చీరలో చెయ్యెట్టినావేటే,” అంది చివరికి.

“ఎట్టినాను అత్తా. దండవెట్టుకునే ఎట్టినాను.”

మురళీమోహన్ కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాటా అనలేదు. రాణి పాపని ఒళ్ళోకి లాక్కుని చెవులు మూసింది.

కూర్మయ్య తలుపు దగ్గరగా వేశాడు. గట్టిగా మాట్లాడే మనిషి, ఆ పూట గుసగుసగా మాట్లాడాడు. దారి ఒక్కటే ఉందన్నాడు. రెండు కాకముందే సుబేదారు దగ్గరికి తను వెళ్తాడు. పైడమ్మ అంటే తమ ఇంటి దేవత, ముసలిది తెలియక పేరు రాయించింది, ఆ చీటీ ఎవరో కాజేశారు, ఎవరో తమకి తెలియదు అని చెప్తాడు. రెండుంబావుకి గేటు దగ్గర ఎవరు దొరికితే వాళ్ళే దొంగ. గది నిలుస్తుంది.

దుర్గ లేచి నిలబడింది. అలా చెప్తే ఎనకాలే తనొచ్చి, నానే ఇచ్చినానని సెప్తానంది.

నిజం చెప్పాలంటే నాకు కూర్మయ్య మీద కోపం రావడం లేదు. ఆ గది సంగతి తెలిసినవాళ్ళెవరికీ రాదు. మంచం కాళ్ళ కింద ఆరేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకున్నారు, కింద నలుగురు పట్టేలా. పైన ముగ్గురు. మిగిలినవాళ్ళకి గోడవార. పగలు డ్యూటీ చేసినవాళ్ళు లేస్తే రాత్రి డ్యూటీవాళ్ళు వాళ్ళ చాప మీదే పడుకోవాలి. ఆ చాప ఎప్పుడూ చల్లారదు. రాణి బట్టలు మార్చుకోవాలంటే ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి పట్టుకోవాలి. అలాంటి గది. అయినా దానికి పైకప్పు ఉంది, తలుపు ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా నంబరు ఉంది. నంబరు లేనివాళ్ళు ఎక్కడికి పోయారో అతను చూశాడు. ఆ లారీ వెనక తలుపు వేయడానికి సాయం పట్టమంటే పట్టినవాడు కూడా అతనే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

“నాకు ఆడపిల్లలున్నారు,” అన్నాడు తల్లితో. “ఇక్కడ్నుంచి గెంటేస్తే ఏ లారీ ఎక్కుతామో నీకు తెలుసునా? సమీర మీద నాకు పేమ లేదేటి?”

అప్పలకొండమ్మ చాలాసేపు చీర మడతపెడుతూ కూర్చుంది. మడత సరిగ్గా రాక మళ్ళీ విప్పింది. ఆమెకి సమీర తండ్రి గుర్తొచ్చాడు. శవాన్ని ఓడలోంచి గొలుసులతో పైకి తీసినప్పుడు కూర్మయ్యే కింద నిలబడి కాళ్ళు పట్టుకుని దించాడు. నాలుగు రోజులు అన్నం తినలేదు. ఆ కూర్మయ్యే ఇప్పుడు ఈ మాట అంటున్నాడంటే భయం మనిషిని ఎంతవరకు తీసుకుపోతుందో ఆమెకి అర్థమైంది, అర్థమైనకొద్దీ దుఃఖం వచ్చింది. ఆ పిల్ల కొంగున కట్టుకుని తిరుగుతున్నది తమ ఇంటి ఆడమనిషి పేరు. ఆ పేరుతోనే దాన్ని పట్టించడం అంటే పైడమ్మనే గేటు దగ్గర పట్టించినట్టు ఉంటుంది. ఇది న్యాయంగా ఆలోచించి అనుకున్నది కాదు. ఆమెకి అలా అనిపించింది, అంతే.

“నువ్వెల్లకు,” అంది కొడుకుతో. “పేరు నాను సెప్పినాను. జవాబూ నానే సెప్తాను.”

ఏం జవాబు చెప్తావని కూర్మయ్య అడిగాడు. తెలియదంది. తెలియకుండా ఎలా అన్నాడు. తన గొంతు పెరిగిందని తెలిసి తనే ఆపుకున్నాడు.

అప్పుడు మంచం కిందినుంచి ఒక కాలు బయటికి వచ్చింది. తర్వాత రెండోది. అప్పమ్మ నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి, నడుం పట్టుకుని నిలబడి, ఊడిన ముడి వేసుకుంది. రాత్రంతా గోదాములో ఊడ్చి వచ్చిన మనిషి, పొద్దున్నుంచీ అక్కడే పడుకుని ఉంది. పదిమంది ఉండే గదిలో ఏ మూల ఎవరున్నారో గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అందరూ మర్చిపోయారు.

“నానేటీ విననేదు పిన్నీ,” అంది అప్పలకొండమ్మతో. బకెట్టు తీసుకుని కుళాయికి వెళ్ళిపోయింది.

అప్పమ్మ చెడ్డది కాదు. కానీ ఆ మూల విషయంలో ఆమెకి మొదటినుంచీ మంట. తన పెద్దకొడుకు ఆరడుగుల మనిషి, కాళ్ళు చాపుకోలేక మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకుంటాడు. పక్కనే మూడడుగులు ఖాళీ. చచ్చినావిడకి చోటుంది గానీ బతికున్నవాడికి లేదా అని రెండుసార్లు అంది, రెండుసార్లూ నవ్వుతూనే అంది. అసలు మంట మూల గురించి కాదు, తన గది గురించి. పడమటి వరసలో ముప్ఫై ఒకటో నంబరు. పెళ్ళై వచ్చినప్పుడు తను సున్నం వేసుకున్న గది. రోజూ కుళాయి దగ్గర నిలబడితే ఎదురుగా కనపడుతుంది. పద్నాలుగో గదికి తాళం పడి కూర్మయ్య కుటుంబం పోతే, ఆ తాళం తీసి ఎవరికిస్తారు? ఆ గదిలో ఇప్పటికే ఉంటున్నవాళ్ళకే ఇస్తారు. ఈ లెక్క కూర్మయ్యకి తట్టింది, దుర్గకీ తట్టింది. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

రెండయింది. దుర్గ బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి వరసలో నిలబడింది. అప్పమ్మ అప్పటికే అక్కడ బకెట్టు కింద పెట్టుకుని, నీళ్ళు నిండినా కదలకుండా కూర్చుంది. రెండుంబావుకి నాలుగు నిమిషాలు దాటాక సమీర గేటు దగ్గర కనపడింది. ఆయాల నీలం అంచు తెల్ల చీర, చేతిలో సంచి. జవాను చీటీ చూశాడు, పుస్తకంలో రాశాడు, పొమ్మన్నాడు. ఎప్పుడూ సంచి తెరిపించేవాడు, ఆ రోజు తెరిపించలేదు. ఆమె నాలుగడుగులు వేసి, తెరిపించలేదేమిటని ఆగింది. అప్పటికే ఇంకో జవాను పది గజాల దూరంలో వెనక నడుస్తున్నాడు.

సమీర కుళాయి దగ్గరికి వచ్చాక, దుర్గ ఆమెవైపు చూడకుండా బిందె పంపు కింద పెట్టి, నీళ్ళ చప్పుడులో, నాలుక్కి హాజరు, పైడమ్మ పలకకపోతే మా గది పోతాది, నువ్వు పలికితే ఏటవుతాదో నాకు తెలీదు, అని చెప్పింది. పారిపోవాలంటే గుజిరీవాడి బండి కోసం గేటు తెరిచినప్పుడు దాని చాటున పారిపొమ్మని కూడా చెప్పింది. పలకమని చెప్పలేదు. సమీర చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, వెళ్ళి కుళాయి అరుగు మీద మిగతా ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. పాత సామాన్లు కొనే ఆ గుజిరీ బండి మూడింటికి వచ్చి వెళ్ళింది. ఆమె కదల్లేదు.

నాలుగింటికి ఈల మోగింది.

రెండు వరసల మధ్య ముంగిలి. పడమటి వైపు బల్ల వేసుకుని సుబేదారు కూర్చున్నాడు. అతని వెనక నలుగురు జవాన్లు తుపాకులతో నిలబడ్డారు. లైనంతా బయటికి వచ్చింది, రావాలి కాబట్టి. పద్నాలుగో గదివాళ్ళు బల్ల ముందు వరసగా నిలబడ్డారు. ఎండ ఇంకా తగ్గలేదు. సుబేదారు పేర్లు తీరిగ్గా చదివాడు. కూర్మయ్య పలికాడు. దుర్గాదేవి పలికింది. అప్పలకొండమ్మ, మురళీమోహన్, రాణి పలికారు. పాప తరఫున రాణి చెయ్యెత్తింది.

“పైడమ్మ.”

ముంగిట్లో ఎవరూ పలకలేదు. కూర్మయ్య కళ్ళు మూసుకున్నాడు. అప్పలకొండమ్మ ఒక అడుగు ముందుకు వేసి, చెప్పాలనుకున్నదేదో చెప్పడానికి నోరు తెరిచింది. ఏం చెప్పేదో నాకు తెలియదు. చెప్పే అవసరం రాలేదు.

“ఉన్నాను,” అంది సమీర.

కుళాయి అరుగు మీంచి లేచి, గుంపు పక్కకి తప్పుకుంటే నడిచి వచ్చి దుర్గ పక్కన నిలబడింది. ఎవరి దగ్గర తీసుకుందో, నుదుట ఎర్ర బొట్టుబిళ్ళ ఉంది, కొంచెం పక్కకి. చీటీ బల్ల మీద పెట్టింది. దాని అంచున పసుపు ఇంకా పోలేదు.

సుబేదారు చీటీ చూడలేదు, ముసలమ్మని చూశాడు. ఈమె మీ ఇంటి మనిషేనా అని అడిగాడు.

అప్పలకొండమ్మ సమీర మొహంలోకి చూసింది. ఆ పిల్ల భయపడుతోంది. కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుని, చూపు మాత్రం తిప్పకుండా నిలబడింది. అంత దగ్గరగా ఆ మొహాన్ని చూసి చాలా ఏళ్ళయిందని ముసలమ్మకి అనిపించింది.

“మాదే బావూ,” అంది. “మా ఇంటి కోడలే.”

ఎవరి భార్య అన్నాడు సుబేదారు.

ఇది ఎవరూ అనుకోనిది. కోడలన్నాక ఎవరికో ఒకరికి భార్య కావాలి కదా. దుర్గ అత్తవైపు చూసింది.

“నాకే,” అన్నాడు మురళీమోహన్.

పెళ్ళెప్పుడైంది అంటే మాఘమాసంలో అన్నాడు. ఎక్కడంటే ఊళ్ళో అన్నాడు. తడుముకోలేదు. చాలాకాలంగా జేబులో పెట్టుకు తిరుగుతున్న మాటలు తీసి ఇచ్చినట్టు ఇచ్చాడు. సమీర తల వంచుకుంది. పొద్దున్నుంచీ కిటికీ ఊచలు వదలని కొడుకు, ఒక్క మాటా అనని కొడుకు. చీటీ ఇమ్మని వదినని ఎవరు బతిమాలారో, దుర్గ నానే ఇచ్చినానని ఎవరిని దాచిందో అప్పలకొండమ్మకి అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండింది. ఆ తుపాకుల ముందు కాకపోతే చెంప పగలగొట్టేది. కానీ వాడి పక్కకి జరిగి, వాడి భుజానికి తన భుజం ఆనేలా నిలబడింది.

సుబేదారు కలం తీశాడు. అయిపోయిందనుకున్నారు అందరూ. దుర్గ ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది కూడా.

అతను రాయలేదు. ఇంటివాళ్ళు ఇంటివాళ్ళ కోసం ఏదైనా చెప్తారు, నేనైనా చెప్తాను అన్నాడు మెత్తగా. జాబితా తిరగేసి, పద్నాలుగో గదిలో వేరే కుటుంబం కూడా ఉంటోంది కదా అన్నాడు. వేలితో పేరు వెతికాడు.

“అప్పమ్మ ఎవరు?”

అప్పమ్మ బకెట్టు అక్కడే వదిలి వచ్చింది. ఆమె పెద్దకొడుకు వెనకనుంచి, అమ్మా, అని మెల్లగా పిలిచాడు. ఆమె వెనక్కి చూడలేదు. నువ్వు పదిహేను రోజులుగా ఆ గదిలోనే పడుకుంటున్నావు, ఈ కోడలు నీకు తెలిసే ఉండాలి, ఈమె పైడమ్మేనా, ఆ ఇంటి మనిషేనా, ఒక్క మాట చెప్పి వెళ్ళు, అన్నాడు సుబేదారు.

అప్పమ్మ సమీరని చూసింది. చిన్నప్పుడు ఆ పిల్ల తన ముప్ఫై ఒకటో గది గుమ్మంలో కూర్చుని సంకటి తింటూ ఉండేది. తర్వాత అప్పలకొండమ్మని చూసింది. ఆ తర్వాత సుబేదారు భుజం మీదుగా, అతని వెనక ఉన్న పడమటి వరసని చూసింది. ముప్ఫై ఒకటో నంబరు తలుపు తెరిచి ఉంది. తను కట్టిన తాడు మీద ఎవరివో బనీన్లు ఆరుతున్నాయి. లోపల ఒక జవాను మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు.

లైనులో ఉన్న నలభై ఎనిమిది కుటుంబాలూ ఆమెనే చూస్తున్నాయి.

“సెప్తాను బావూ,” అంది. “ముందు నా గది నాకిప్పించండి.”

సుబేదారు కలానికి మూత పెట్టాడు. అప్పమ్మకి కుర్చీ తెమ్మని ఒక జవానుకి చెప్పి, గేటు మూయమని ఇంకొకడికి చెప్పాడు.